నేను కట్టేసిన చిల్లులు

ముందే చెప్తున్నానండి, నాకు రాత సరిగ్గా రాదు. అయిదో తరగతి దాకా చదివాను, అదీ సగం రోజులు బడికి పోకుండా మా నాయన వెంట పడవ కాడే ఉండేవాణ్ణి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ తడబడతాను. అక్షరాలు కూడా వంకరగా వస్తాయి. రాసింది మా ఆవిడకి చదివి వినిపిస్తే, "నోటితో చెప్పినట్టే ఉందిగా, కానియ్యి" అంది. అందుకని ధైర్యం చేశాను. తప్పులుంటే నవ్వుకోండి గానీ కోప్పడొద్దు.

ఇది రాయమని నన్ను అడిగింది బాపట్ల అమ్మాయి. ఆ అమ్మాయి బొమ్మలేసే మనిషి. వల గురించి నువ్వే రాయి బాబాయ్, చిల్లుల సంగతి దాచకుండా రాయి అంది. దాచే ఓపిక కూడా లేదు నాకు.

మాది రేపల్లెలో బస్సెక్కి సముద్రం వైపు పోతే చివరాఖర్న దిగే పల్లె. ముప్పై ఏళ్ళు వేటకి పోయాను. మోకాళ్ళు పోయాక పడవ దిగేసి ఒడ్డున తాటాకు పాక కింద కూచుని వలలు బాగుచేస్తున్నాను. ఇప్పుడు కొత్త వలలన్నీ మిషను మీదే వస్తున్నాయి. మా చేతికొచ్చేవి చిరిగినవే. పొద్దున కూచుంటే మధ్యాహ్నానికి మెడ పట్టేస్తది. సాయంత్రానికి కళ్ళ ముందు అన్నీ ముడులే. మా ఆవిడ రేపల్లె బజార్లో చేపలమ్మి వచ్చిద్ది, నేను పాకలోంచి లేచి వస్తాను. ఇద్దరం మాట్లాడుకునే ఓపిక లేక అన్నం తిని పడుకుంటాం. మా బతుకు అంతేనండి.

మా నాయన నాకు నేర్పింది ఒక్కటే పని, దానికి ఒక్కటే కట్టుబాటు. వల ఎవరికన్నా ఇచ్చేముందు రెండు కర్రల మీదకి ఎత్తి వెలుతురుకి చూడాలి. చిల్లు కనపడితే కట్టకుండా చేతికి ఇవ్వకూడదు. అడిగినా అడక్కపోయినా కట్టాలి. కట్టానని చెప్పుకోకూడదు కూడా. చెప్తే వల సొంతదారుకి నామోషీ, ఇంత చిరుగుడు వల తెచ్చానా అని. మా పల్లెలో వల పని చేసే వాళ్ళందరం ఇట్టాగే చేస్తాం. నా చేతికి చిల్లు కనపడితే మనసు కన్నా ముందు చెయ్యి పోయిద్ది.

ఆ అమ్మాయి ఒకరోజు స్కూటీ మీద వచ్చింది. పాక ముందు నిలబడి చానా సేపు చూసింది. మా ఆవిడ అప్పుడే బజారు నుంచి వచ్చి ఖాళీ బుట్ట దించుకుంటా, "ఫోటో తీసుకుని పోమ్మా, ఇక్కడికి వచ్చేవాళ్ళంతా అదేగా చేసేది" అంది.

"ఫోటో కాదు పిన్నీ, వల కావాలి" అంది ఆ అమ్మాయి.

"నువ్వు వేటకి పోతావా ఏంటి?"

"గోడకి కట్టుకుంటా."

మా ఆవిడ నా వంక చూసి, "నీకు తగ్గ బేరం వచ్చింది. చేప పడకపోయినా అడిగేవాడు ఉండడు" అంది.

అప్పుడు ఆ అమ్మాయి కింద కూచుని చెప్పింది. బాపట్లలో ఒక పెద్దాయన ఉన్నారంట, నీళ్ళ ఆఫీసులో పనిచేసి రిటైరైన సార్. ఉద్యోగంలో ఉన్నప్పుడూ, మానేశాక కూడా, ఈ చుట్టుపక్కల ఊళ్ళ బావుల్లో నీళ్ళు నెలకోసారి సీసాలో పట్టి, అందులో ఉప్పెంత ఉందో చూసి పుస్తకాల్లో రాసుకున్నారంట. సముద్రం నేల అడుగున ఎట్టా లోపలికి వస్తుందో ఆ లెక్కల్లో ఉందంట. దాన్ని డేటా అంటారంట. ఈ రోజుల్లో కొంతమంది బొమ్మలేసేవాళ్ళు, సైన్సు వాళ్ళు రాసిన లెక్కలు తీసుకుని వాటితోనే బొమ్మ చేస్తారంట. చెట్టూ చేమా చూసి వేసినట్టు కాదు, అంకె చూసి వెయ్యటం.

"అంకెలకి వల ఎందుకమ్మా? కాయితం ఉందిగా" అన్నాను.

"కాయితం మీద ఇన్నేళ్ళు ఉంది బాబాయ్. ఎవరు చూశారు?"

సరే, ఎట్టా అల్లాలో చూపియ్యమ్మా అన్నాను.

పద్ధతి ఏంటంటే, వల పైనుంచి కిందకి నెలలు. అడ్డంగా ఊళ్ళు, ఒక్కో ఊరి బావికి ఒక్కో జానెడు పట్టీ. నీళ్ళు తియ్యగా ఉన్న నెలకి సన్న కన్ను, అంటే చిన్న గడి, అల్లాలి. ఉప్పు ఎక్కువయ్యే కొద్దీ కన్ను పెద్దది చెయ్యాలి. గళ్ళ కాయితం మీద రంగులేసి తెచ్చింది. ఆకుపచ్చ సన్నం, పసుపు నడిమిది, ఎరుపు పెద్దది. కొలతకి మూడు చెక్క ముక్కలు చెక్కించుకున్నాను.

మామూలు వల అయితే కళ్ళు మూసుకుని అల్లుతాను. ఇదేమో ప్రతి జానెడుకీ చెక్క మార్చాలి, కాయితం చూడాలి, తప్పితే మళ్ళీ విప్పాలి. పొద్దున ఊళ్ళోవాళ్ళ వలలు చూసి, మిగిలిన పూట దీని మీద కూచునేవాణ్ణి. వానాకాలం పోయి చలికాలం వచ్చింది, చలి పోయి ఎండలు మొదలయినాయి. ఆ వల నా ఒళ్ళో అట్టాగే పెరుగుతూ ఉంది. పాక కాడికి వచ్చినోళ్ళు, "ఏంటి మామా, సగం రొయ్యలకీ సగం సొరచేపకా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. పైన జల్లెడలాగా సన్నం, కిందకి వచ్చేసరికి చెయ్యి దూరేంత కన్ను. నవ్వకేం చేస్తారు.

మధ్యలో ఒకసారి కాయితం అర్థంకాక బాపట్ల పోయాను. ఆ అమ్మాయి నన్ను సార్ ఇంటికి తీసుకుపోయింది. సన్నటి మనిషి. గుండె బాగోలేదంట, రెండు మాటలకోసారి ఆయాసపడతన్నారు. మంచం కింద ఇనప పెట్టె లాగి చూపిచ్చారు. నిండా నోటు పుస్తకాలు. ఆఫీసు వాళ్ళు కొత్త మిషన్లు వచ్చాయి, ఇవి అక్కర్లేదు అంటే ఇంటికి తెచ్చుకున్నారంట.

మాది ఏ ఊరో చెప్పగానే ఆయన మొహం వెలిగింది. "మీ ఊరి బావి నీళ్ళతో కందిపప్పు ఇట్టే ఉడికేదయ్యా. సీసా నింపుకుని, ఒక చెంబు తాగి గానీ సైకిలెక్కేవాణ్ణి కాదు" అన్నారు.

నేను తల ఊపాను. ఆ బావి ఇప్పుడు ఎట్టా ఉందో ఆయనకి నేను చెప్పేదేముంది, నాకన్నా ఆయనకే బాగా తెలుసు.

వచ్చేటప్పుడు గుమ్మం కాడ నా చెయ్యి పట్టుకున్నారు. "ఇన్నేళ్ళు రాశాను. చదివిన మనిషి లేడు. నువ్వు అల్లేది నా కళ్ళతో ఒకసారి చూసుకుంటే చాలు. తొందరపడమని చెప్పట్లేదు గానీ, కొంచెం తొందరగానే అల్లు" అని నవ్వారు. ఆ నవ్వుకి నాకు తిరిగి నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి ఒళ్ళు నొప్పులున్నా ఆ వల పక్కన పెట్టలేదు.

ఎండలు ముదిరేసరికి వల అయింది. ఆ అమ్మాయి వచ్చి బాపట్ల తీసుకుపోయింది, సార్‌కి చూపిద్దామని. వారం తర్వాత ఫోను చేసింది. తెనాలిలో ఒక హాల్లో ఇట్టాంటివన్నీ కలిపి పెడుతున్నారంట, తేదీ దగ్గరికి వచ్చిందంట. "వల బస్సుకి వేస్తున్నా బాబాయ్, పైన తాడు కట్టు, కింద బరువుకి సీసం గుళ్ళు వెయ్యి, నువ్వే తెనాలి తీసుకురా" అంది. అటు ఎవరో పిలుస్తుంటే పెట్టేసింది. ఇంకేం చెప్పలేదు.

రేపల్లె బస్టాండులో గోనె సంచి దింపుకుని ఇంటికి తెచ్చాను. తాడు కట్టేముందు అలవాటు ప్రకారం కర్రల మీదకి ఎత్తాను. తొమ్మిది చిల్లులు! ఒక్కోటి నా అరచెయ్యంత. ఎనిమిది నెలల పని.

మా ఆవిణ్ణి పిలిచి చూపిచ్చాను. "బస్సు మీద వేసుంటారు, కొక్కేలు తగిలుంటాయి" అంది.

ఇప్పుడు రాస్తుంటే నామీద నాకే చిరాకు పుడుతుందండి. కొక్కెం తగిలితే దారం పీచు లేస్తది. ఎలక కొరికినా అంతే. ఇవేమో నున్నగా తెగి ఉన్నాయి, కత్తెర పెట్టినట్టు. నా వేళ్ళకి అది తెలిసింది కూడా. అక్కడే ఆగి ఫోను చేసి ఉండాల్సింది. కానీ చెప్పానుగా, చిల్లు కనపడితే నా చెయ్యి ఆగదు. అలిసిపోయిన మనిషికి ఆలోచించటం కన్నా అలవాటైన పని చెయ్యటమే తేలిక. రెండు మధ్యాహ్నాలు కూచుని తొమ్మిదీ కట్టేశాను. కాయితం చూసి, ఏ కన్ను కాడ ఆ కన్నే వేసి, కొత్త దారం తెల్లగా కనపడకుండా టీ డికాషన్‌లో ముంచి మరీ కట్టాను. అంత బాగా నేను ఎప్పుడూ కట్టలేదు. కట్టినట్టు చెప్పకూడదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

రేపల్లెలో పొద్దున పాసింజరెక్కి తెనాలిలో దిగాను. హాలు మేడ మీద. సంచి భుజాన వేసుకుని మెట్లెక్కేసరికి మోకాళ్ళు రెండూ మొరాయించాయి. లోపల ఏవేవో పెట్టారు. ఒకావిడ రోజూ ఎండ ఎంత కాసిందో ఆ లెక్క చూసి గాజులు గుచ్చింది. చల్లగా ఉన్న రోజుకి ఆకుపచ్చ గాజు, మండిపోయిన రోజుకి ఎర్ర గాజు. ఏడాది దండ అంట అది, ఒక చివర అంతా ఎర్రగా ఉంది. ఇంకొకాయన చెరువులకి వచ్చే కొంగల్ని ఎవరో ఏటేటా లెక్కపెడితే, ఆ లెక్క ప్రకారం మట్టి కొంగలు చేసి వరసగా పెట్టాడు. వరస పోను పోను పలచనైపోయింది. నాకు చదువు లేకపోయినా అది అర్థమైంది.

మా వల గోడకి కట్టారు. లైట్లు వేసే మనిషితో ఆ అమ్మాయి ఏదో గొడవపడతా అటు మూల ఉంది, వల వంక సరిగ్గా చూడనేలేదు. జనం వచ్చేది మధ్యాహ్నం. నేను ఒక పక్కన కుర్చీలో కూలబడ్డాను.

అప్పుడు సార్ వచ్చారు. బాపట్లలో రైలెక్కి, ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో నోటు పుస్తకాల సంచి. జనం రాకముందే ప్రశాంతంగా చూసుకుందామని పెందలాడే వచ్చారంట. వల ముందు నిలబడ్డారు. కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. మొదటి పట్టీ కాడ వేలు పెట్టి కిందకి జారుస్తా వచ్చారు. ఆగారు. పక్క పట్టీకి పోయారు. మళ్ళీ మొదటికి వచ్చారు. నాకు సంతోషంగానే ఉంది, చూసుకుంటన్నారు గదా అని.

చివరికి ఆ అమ్మాయిని పిలిచారు. గొంతు చానా చిన్నగా ఉంది.

"అమ్మా, ఆ రోజు మా ఇంట్లో ఈ వల పరిచామా మనం?"

"పరిచాం కదా సార్."

"జనం బావి నీళ్ళు తాగటం మానేసిన నెల ఇందులో లేదే అని నేనన్నానా? పుస్తకం చూసి తొమ్మిది చోట్ల వేలు పెట్టి చూపిస్తే నువ్వు కత్తిరించావా? లేకపోతే నేనే అట్టా అనుకున్నానా? ఈ మధ్య మందులు వేసుకున్నాక ఏది జరిగిందో ఏది జరగలేదో నాకు తెలియటం లేదు. ఒక్క చిల్లు కూడా లేదమ్మా ఇక్కడ."

ఆ అమ్మాయి వల వంక చూసింది. చెయ్యి పెట్టి తడిమింది, పైనుంచి కిందకి తడిమింది. దొరకలేదు. ఎట్టా దొరుకుతాయి, కట్టింది నేను.

ఒక్క క్షణం నోరు మూసుకుందామనిపించిన మాట నిజం. ఎవరికీ కనపడట్లేదు. కానీ ఆ పెద్దాయన తన బుర్రే చెడిందనుకుని అట్టా నిలబడి ఉన్నారు, నేను చేసిన పనికి. ఇన్నేళ్ళు రాసిన మనిషికి తన రాత మీద తనకే నమ్మకం పోతుంది, అది నా కళ్ళ ముందు.

"సార్, అది మీరు ఊరికే అనుకున్నది కాదండి. చిల్లులు ఉన్నాయండి. నేనే కట్టేశాను" అన్నాను.

ఇద్దరూ నా వంక తిరిగారు.

"బాబాయ్! అవి నేను కోసినవి!" అంది ఆ అమ్మాయి.

"నాకెట్టా తెలుసమ్మా? బస్సు మీద చిరిగిందనుకున్నా."

"కట్టేముందు నన్ను అడగొచ్చుగా?"

"చిల్లు కట్టటానికి ఎవరన్నా అడుగుతారా? అన్నం వడ్డిస్తే తినమంటారా అని అడిగినట్టు."

ఆ అమ్మాయి తల పట్టుకుని కింద కూచుంది. ఏడుస్తుందో నవ్వుతుందో తెలియలేదు. "తప్పు నాదే, ఫోన్లో చెప్పటం మర్చిపోయా" అంటంది. సార్ మాత్రం పెద్దగా నవ్వారు. దగ్గొచ్చేదాకా నవ్వారు. "ఎంత బాగా కట్టావయ్యా నువ్వు! నా లెక్కలే తప్పేమో అనుకున్నా" అని నా భుజం మీద చెయ్యేశారు.

"మళ్ళీ ఎక్కడ కొయ్యాలో ఎట్టా తెలిసిద్ది? ఒక్కో నెలా లెక్కపెట్టుకుంటా పోవటానికి టైము లేదు, జనం వచ్చేస్తారు" అంది ఆ అమ్మాయి.

"ఊరు చెప్పండి సార్. చోటు నేను చెప్తా" అన్నాను.

కంటికి కనపడకపోయినా బాగుచేసిన చోట ముడి వేరుగా ఉంటదండి. అల్లేటప్పుడు వేసే ముడి కిందకి దిగిద్ది, అతికేటప్పుడు వేసే ముడి పక్కకి వాలిద్ది. మాలాంటోళ్ళ వేళ్ళకే అది తెలిసేది. సార్ కుర్చీలో కూచుని పుస్తకం తీసి ఊరి పేరు, నెల చదివేవారు. నేను ఆ పట్టీ పట్టుకుని కళ్ళు మూసుకుని తడుముతా దిగేవాణ్ణి. దొరికేది. ఆ అమ్మాయి కత్తెర ఇచ్చింది.

మొదటి చిల్లుకి కత్తెర ఆడలేదు. చచ్చు వలల్ని కోశాను గానీ, పుట్టి బుద్ధెరిగాక మంచి వల మీద కత్తెర పెట్టింది లేదు. మా నాయన పోయి చానా ఏళ్ళయింది, అయినా వెనక నిలబడి చూస్తన్నట్టు అనిపించింది. "నేను కొయ్యనా బాబాయ్?" అంది ఆ అమ్మాయి. వద్దన్నాను. కట్టినోణ్ణి నేను గదా. ఒక్కో దారం తెంపుతుంటే పన్ను పీకుతున్నట్టే ఉంది.

సార్ ఊరికే చదవలేదు. ఒక్కో ఊరికి ఒక్కో మాట చెప్పేవారు. ఇక్కడ బావి పక్క బడి ఉండేది, పిల్లకాయలు నా సీసాలు మోసేవాళ్ళు. ఇక్కడ ఒక ముసలమ్మ, నీళ్ళు ఉప్పగా ఉన్నాయని నేను చెప్తే నామీదే పోట్లాడింది, నీ మిషనే ఉప్పది అని. ఇక్కడ ఆ నెలకే తోడటం మానేశారు, గిలకకి తుప్పు పట్టింది. ఇట్టా. ఎనిమిది అయినాయి.

తొమ్మిదోది చదివారు. మా ఊరు.

పట్టీ పట్టుకున్నాను. చోటు వెంటనే దొరికింది. నెల విన్నప్పుడే తెలిసింది, మా అమ్మ ఆఖరిసారి ఆ బావి కాడికి పోయి ఖాళీ బిందెతో వచ్చిన ఎండాకాలం అదే. కత్తెర పట్టుకుని అట్టాగే నిలబడ్డాను.

"సార్, ఇది ఒక్కటి ఉంచకూడదాండి?"

ఆయన పుస్తకం మూసి నా వంక చూశారు. కోప్పడలేదు. "ఇప్పుడు తాగుతున్నారా ఆ నీళ్ళు?" అని అడిగారు.

"లేదండి. క్యాన్ నీళ్ళే. ఆటోలో వస్తాయి."

"పశువులకి?"

"వాటికీ పెట్టం."

కోశాను. ముక్క కింద పడింది, చేప పొలుసంత తేలిక. వంగి ఏరుకునే ఓపిక లేక అక్కడే వదిలేశాను.

మధ్యాహ్నం దాకా ఉండమని ఇద్దరూ బతిమాలారు. అల్లింది ఎవరో చెప్పాలిగా జనానికి అంది ఆ అమ్మాయి. నా వల్ల కాదమ్మా అన్నాను. చిల్లులున్న వల కింద నిలబడి ఇది నేను అల్లాను అని చెప్పటానికి నాకు నోరు రాదు. అది సరైన వలే, అట్టాగే ఉండాల్సిన వలే, తెలుసు. అయినా రాదు. రేపల్లె బండికి టైమైందని చెప్పి మెట్లు దిగేశాను.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో కూచుని కాళ్ళు పిసుక్కుంటంది. "ఏంటి, మొహం అట్టా ఉంది? బాగా కుదరలేదా?" అంది.

"కుదిరింది."

"మరి?"

"మంచి వల కోసొచ్చా. తొమ్మిది చోట్ల."

"నీకు ఎండదెబ్బ తగిలింది" అని మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తర్వాత మొత్తం చెప్పాను. మన ఊరి చిల్లు కూడానా అని అడిగింది. ఊఁ అన్నాను. లేచి పోయి అన్నం వడ్డించింది.

మర్నాడు ఆ అమ్మాయి ఫోను చేసింది. సార్ సాయంత్రం హాలు మూసేదాకా వల ముందు కుర్చీ వేసుకుని కూచున్నారంట. వచ్చిన ప్రతి మనిషినీ ఆపి ఏ చిల్లు ఏ ఊరిదో చెప్పారంట. ఆయాసం వస్తే ఆగి, మళ్ళీ చెప్పారంట. ఒక కాలేజీ కుర్రది పుస్తకాలన్నీ ఫోటోలు తీసుకుంటానని అడిగితే, పెట్టె మొత్తం వచ్చి తీసుకుపొమ్మన్నారంట. "ఆయన ఒక్కసారి కూడా ఆగి నన్ను, అమ్మా ఇది నిజమేనా అని అడగలేదు బాబాయ్" అంది. ఆ మాట విన్నాక నాకు కొంచెం నిద్ర పట్టింది.

ఇంతకన్నా రాయటం నా చేత కాదండి. ఒక చోట చెప్పిందే రెండోసారి చెప్పి ఉంటాను, ఒక చోట అక్షరాలు మింగేసి ఉంటాను. చదువుకున్నవాళ్ళు మీరు, పెద్ద మనసు చేసుకుని నా తప్పులు మన్నించండి.